పరశురాం మేస్త్రీ కుడికన్ను

పరశురాం మేస్త్రీకి మనుషుల కన్నా ముందు గోడల మీద అనుమానం. తార్నాక నుంచి రోజూ యూనివర్సిటీ హాస్టల్ పనికి వచ్చి, ఎడమకన్ను మూసి, కుడికంటితో ప్రతి గోడ అంచూ పట్టి చూస్తాడు. డెంగ్యూ నుంచి లేచి వచ్చిన వారంలోనే ఉప్పలయ్య కట్టిన గోడను రెండుసార్లు కూలగొట్టించాడు. మూడోసారి తూకంగుండు వేలాడదీస్తే దాని దారమే వంకరగా కనబడింది.

"దారంల గూడ మోసమేనా?" అని ఉరిమాడు.

"బరువు కట్టిన దారం వంగుతదా మేస్త్రీ? డెంగ్యూ కంటిపొరను పట్టిందేమో. జర గా కన్ను మూసి ఎడమదాంతోని చూడు," అన్నాడు ఉప్పలయ్య.

చూశాడు. దారం తిన్నగా ఉంది. దాని పక్కన గోడా తిన్నగానే ఉంది.

"అంటే, కూలగొట్టినయి గూడ సక్కగనే ఉండెనా?"

ఉప్పలయ్య అప్పటికే కూలిన కుప్పలో పగలని ఇటుకలు ఏరుతున్నాడు.