యోహానుకి స్వాగతం, ఫ్లెక్సీలో నేను

ఇదిగో, టీ తాగుతూ వినండి. మధ్యలో నవ్వితే మాత్రం చెప్పడం ఆపేస్తా. మొన్న ఆదివారం వినుకొండలో ఒక వీధి వీధంతా నేను జైలుకెళ్లొచ్చానని నమ్మేసింది. నమ్మించింది కూడా నేనే, కష్టపడి మరీ.

మా చర్చిలో జైలు నుంచి వచ్చినోళ్లకి తోడు నిలబడే పని ఒకటుంది కదా. పని చూపిస్తాం, అద్దె గది వెతుకుతాం, కాస్త ధైర్యం చెబుతాం. స్త్రీల సమాజం సెక్రటరీని కాబట్టి సేవలో నేను ముందుంటా. ఫొటోలో ఇంకా ముందుంటా.

ఈసారి వచ్చింది యోహాను. వాళ్ల ఊళ్లో ఎలక్షన్ గొడవలో ఎవరిదో తల పగలగొట్టి లోపలికెళ్లాడు. లోపల వడ్రంగం నేర్చుకుని, నోట్లో నాలుక లేనోడిలా బయటికొచ్చాడు. పుట్టింట్లో ఉన్న భార్య ఒకటే చెప్పిందంట, ఆ ఊళ్లో కాకుండా ఎక్కడైనా ఒక గది చూపించు, పాపని తీసుకుని వచ్చేస్తానని. జైలు మాట చెప్పగానే అందరూ తలుపేసుకున్నారు. చివరికి కొండ కింద ఉండే కోటమ్మ గారు గది ఇస్తానన్నారు. ఆవిడకి సంగతి ఇంకా తెలీదు. మా పాస్టర్ అయ్యగారు ప్రత్యేకంగా నా వైపు తిరిగి, ఆదివారం గదిలో దిగేముందు ఆ మాట నేనే నిదానంగా చెబుతా, అప్పటిదాకా హడావుడి చెయ్యొద్దమ్మా అన్నారు.

నేనేం చేశా? ఫ్లెక్సీ వేయించా.

మన పల్నాడులో ఫ్లెక్సీ లేకుండా ఏది జరిగిందో చెప్పండి. చెవులు కుట్టినా ఫ్లెక్సీనే, లీడర్ బావమరిది బర్త్‌డేకీ ఫ్లెక్సీనే. మనిషి మారి వస్తుంటే ఊరుకుంటామా? యోహానుని ఫొటో అడిగితే, ఒద్దక్కా, పేరు కూడా ఎయ్యొద్దు అన్నాడు. అతని ప్రైవసీని నేను చానా గౌరవించా. పేరు తీసేశా, ఫొటో తీసేశా. ఖాళీ మిగిలిందిగా, అందులో నా ఫొటో పెట్టించా. పట్టుచీర, జోడించిన చేతులు. డిజైన్ చేసే అతను, సబ్జెక్టు జైలు కదా మేడమ్ అని వెనక ఊచలు వేశాడు, ముందు తెగిన గొలుసులు వేశాడు. అవి సరిగ్గా నా చేతుల దగ్గరకొచ్చి ఆగాయి. పైన పెద్ద అక్షరాలతో 'చెరసాల నుండి విడుదలై వస్తున్న మీకు స్వాగతం'. వాట్సాప్‌లో ప్రూఫ్ పంపితే నేనేం చూశానో తెలుసా? డబుల్ చిన్ కనపడుతుందేమోనని చూశా. లేదు. సూపర్, ప్రింట్ కొట్టెయ్ అన్నా. శనివారం సాయంత్రం కోటమ్మ గారి వీధి మొదట్లో కట్టించా. పేరే లేదు కదా, ఇంక ఆవిడకేం తెలుస్తుంది? అదీ నా తెలివి.

ఆదివారం ఆరాధన అయ్యాక చాప, స్టవ్వు, అయ్యగారు, మా ఆయన, యోహాను, అందరం ఆటోలో దిగాం. స్టీలు బిందె పట్టుకుని నేను ముందు నడిచా. గుమ్మాల్లో ఆడవాళ్లు పిల్లల్ని లోపలికి లాక్కుంటున్నారు. ఒకావిడ మా ఆయన్ని చూసి పాపం అన్నది. అప్పటికీ నాకు బుర్ర వెలగలా.

కోటమ్మ గారు గేటుకి అడ్డంగా నిలబడ్డారు. గది అతనికిస్తానన్న మాట నిజమే, కానీ ఫ్లెక్సీలో ఉన్న ఈమె కూడా ఇక్కడే ఉంటుందా అని అయ్యగారిని అడిగారు. ఏం చేసి లోపలికి పోయింది, మొగుణ్ణేమన్నా చేసిందా అన్నారు. ఆ మొగుడే ఈయన అని అయ్యగారు చూపిస్తే, ఎగాదిగా చూసి, బతికే ఉన్నాడులే అని ఊపిరి పీల్చుకున్నారు. మా ఆయన తల దించుకున్నాడు. సిగ్గేమో అనుకున్నా, నవ్వు ఆపుకోలేకంట.

ఈలోపు యోహాను ముందుకొచ్చాడు. అతను ఊరుకుంటే గది దక్కుద్ది కదా, జైలు పేరు నాకే ఉండనీ అనుకున్నా, నిజంగా.

"జైలు నుంచి వచ్చింది అక్క కాదమ్మా, నేను. కోపంలో ఒకణ్ణి కొట్టా. శిక్ష అయిపోయింది. గది ఇస్తే నా భార్యా పిల్లా వస్తారు. ఒద్దంటే ఇట్టాగే ఎనక్కి పోతా."

నా ఫ్లెక్సీ పిచ్చికి ఒక కాపురం గేటు దగ్గరే ఆగిపోయిందని నాకు కళ్లల్లో నీళ్లొచ్చేశాయి, ఒట్టు. కోటమ్మ గారు అతన్ని చూశారు. నన్ను చూశారు. మళ్లీ ఫ్లెక్సీ వంక చూశారు.

"నువ్వా? నీ మొహంలో ఏం కనపడటంలేదేందయ్యా. ఈమె ఫొటో చూడంగానే అనుకున్నా, ఇదేదో గట్టి కేసేనని." అని గేటు తీశారు. "మొహం మీదే నిజం చెప్పావు. సామాను లోపల పెట్టుకో."

రెండు రోజులకే భార్యా, పాపా వచ్చేశారు. ఫ్లెక్సీ పీకేద్దామని వెళితే కోటమ్మ గారు ఇవ్వలా. యోహాను చేత చెక్క ఫ్రేము కొట్టించి, డాబా మీద వడియాలు ఎండబెట్టిన చోట నిలబెట్టించారు. కొండ మీద కోతులు ఇప్పుడు ఆ డాబా వైపే రావట్లేదంట. సమాజంలో నా సేవేందని ఎవరన్నా అడిగితే, వడియాలకి కాపలా అని చెప్పండి.