మిద్దె మీద మిగిలిపోయిన పదకొండు రోజులు

2023 ఆగస్టులో, సికింద్రాబాద్ పద్మారావు నగర్‌లోని ఒక పాత ఇంట్లో పోయినవాటి జాబితా ఇది. ఒక మూల పైకప్పు, తొమ్మిది అడుగుల పొడవు, ఏడు అడుగుల వెడల్పు. టేకు దూలాలు మూడు. కుట్టు మిషన్లు నాలుగు, సీలింగ్ ఫ్యాన్ ఒకటి. కుట్టుపని నేర్చుకుంటున్న తొమ్మిది మంది ఆడవాళ్లకు ఐదు నెలల క్లాసులు. చుట్టుపక్కల మరో మూడు ఇళ్లలో చెమ్మ ఎక్కిన గోడలు. చివరగా, నా పుస్తకంలో వేరే పేజీలో రాసుకున్నది, సాయమ్మ అనే మనిషి ఎడమకాలి మడమ.

వాన పడింది నిజమే. కానీ ఆ ఇల్లు అంతకుముందు డెబ్బై వానలు చూసింది. ఈసారి తేడా నేను వేసిన లెక్కలో ఉంది.

నేను ఇంజనీరును కాను. ఇంటర్ తప్పాక ఒక కాంట్రాక్టరు దగ్గర సిమెంటు బస్తాలు లెక్కపెట్టే పనిలో చేరాను. అక్కడి పాత కొలతల పుస్తకాలు చూసి ఎస్టిమేషన్ నేర్చుకున్నాను. ఎంత పనికి ఎందరు మనుషులు, ఎన్ని రోజులు అన్నది ముందే చెప్పడం ముప్పై ఏళ్లుగా నా బతుకుతెరువు. సైట్ల మీద నన్ను లెక్కల సారు అంటారు.

ఆ ఏడాది ఒక సంస్థ పాత ఇళ్లకు రెట్రోఫిట్ చేయించే పని తీసుకుంది. ఉన్న ఇంటిని కూల్చకుండా, లోపలికి వేడి తక్కువ దిగేలా, కరెంటు తక్కువ కాలేలా మార్చడాన్ని రెట్రోఫిట్ అంటారు. మిద్దె మీద ఎండను తిప్పికొట్టే తెల్లటి కూల్ రూఫ్ పూత, గదిలో నురుగు పలకలతో ఫాల్స్ సీలింగ్, కిటికీల సందులు, పై వెంటిలేటర్లు మూసివేయడం. ఇవి నాలుగైదు రకాల పనులు. వీటన్నిటికీ సరిపడా చేతులు ఊళ్లో ఉన్నాయా, లేకపోతే ఎవరికి ఏం నేర్పాలి, ఎన్నాళ్లు నేర్పాలి అన్న ప్లాను వేయడం నాకు అప్పగించారు.

ఇలాంటి ప్లానుకు వెన్నెముక స్కిల్ మ్యాట్రిక్స్. పెద్ద పట్టిక అనుకోండి. ఎడమవైపు పనివాళ్ల పేర్లు, పైన పనుల పేర్లు, ఎవరికి ఏది వచ్చో ఆ గడిలో టిక్కు. చివరి గడిలో స్కిల్డ్ అనో హెల్పర్ అనో రాయాలి. స్కిల్డ్ అని రాయాలంటే చేతిలో సర్టిఫికెట్ అయినా ఉండాలి, ఆ పని పేరు సంస్థ ముందే ఇచ్చిన ట్రేడ్ల జాబితాలో అయినా ఉండాలి.

సాయమ్మ నా పట్టికలో పదిహేడో పేరు. బన్సీలాల్‌పేట్‌లో ఉండేది. అరవై దాటిన మనిషి. చిన్నతనంలో గచ్చు మిద్దెల మీద దిమ్మిస కొట్టిన చేతులు. సున్నం, ఇటుక ముక్కలు, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపి దూలాల మీద పరిచి, పదిహేను మంది ఆడవాళ్లు వరుసగా కూర్చుని కర్ర దిమ్మిసలతో రోజుల తరబడి కొడితే గచ్చు మిద్దె తయారయ్యేది. సిమెంటు స్లాబులు వచ్చాక ఆ పని పోయింది. ఆమెకు మిగిలింది ఒక విద్య. చెప్పుల్లేకుండా మిద్దె ఎక్కి, మడమతో తడుతూ నడిచి, ఎక్కడ గట్టిగా ఉంది, ఎక్కడ డొల్ల, ఏ దూలం కొన గోడలో పుచ్చింది అన్నది చెప్పేది.

మేం తీసుకున్న నలభై రెండు ఇళ్లలో ఎనిమిదింటికి అలాంటి గచ్చు మిద్దెలు ఉన్నాయి. అందుకే ఆమెను పిలిపించాను.

"నీకు తెలిసింది మా పోరలకు నేర్పాలంటే ఎన్ని దినాలు వడ్తది సాయమ్మక్కా?" అని అడిగాను.

"పన్నెండు."

"గన్ని దినాలెందుకు? మడమతోని కొట్టుడే కదా!"

"మిద్దె పొద్దుగాల ఒక తీరు పల్కుతది సారూ, మిట్టమధ్యాహ్నం ఒక తీరు. నీళ్లు పోసి నానవెట్టినంక ఒక తీరు, ఆరినంక ఇంకో తీరు. గివన్నీ కాలుకు ఎక్కాలె. మీ కాలిక్యులేటర్‌కు మడమ ఉన్నదా, ఒక్కసారి నొక్కంగనే తెల్వనీకి?"

పక్కనున్న పెయింటర్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు.

"ఇంకో మాట. హెల్పర్ అని రాయకుండ్రి. మేస్త్రి అని రాయుండ్రి. పైసల కోసం అంటలేను. హెల్పర్ చెప్తే ఈ పోరగాండ్లు ఇంటరా? నాతోని దిమ్మిస కొట్టినోళ్లు ఒక్కలు సుత లేరు. నేను సుత పోతే ఇది ఎవ్వరికి రాదు."

రాస్తానన్నాను. రాయలేకపోయాను. ట్రేడ్ల జాబితాలో మిద్దె మేస్త్రి లేడు. అటు ఇటు వెతికి, చివరికి హెల్పర్ అనే రాశాను. ఆమెకు చెప్పలేదు.

ఇక రోజుల లెక్క. మార్చి ఆఖరి వారం నుంచి వానలు మొదలయ్యేలోపు, ఆదివారాలు, సెలవులు పోగా అరవై నాలుగు పనిరోజులు. పనివాళ్లు పదహారు మంది, నలుగురేసి నాలుగు జట్లు. ఒక మనిషి ఒక రోజు పనిని మ్యాన్-డే అంటాం. మొత్తం నా చేతిలో వెయ్యి ఇరవై నాలుగు మ్యాన్-డేలు. ఒక ఇంటికి నలుగురు ఆరు రోజులు, అంటే ఇరవై నాలుగు. నలభై రెండు ఇళ్లకు వెయ్యి ఎనిమిది. మిగిలింది పదహారు. పదహారు మందికి సరిగ్గా ఒక్క రోజు.

లెక్క అంత నున్నగా కుదిరితే నాలాంటి వాడికి దాన్ని కదిలించాలనిపించదు. ప్రాజెక్ట్ మేనేజర్ కిరణ్‌కు ఆ కాగితం చూపించాను. ముప్పై ఏళ్ల కుర్రాడు, మర్యాదస్థుడు.

"ఆమె పన్నెండు రోజులంటున్నారు కదా సార్. ఇక్కడ ఒకటే ఉంది?"

"పదహారు మందికీ పన్నెండేసి ఇస్తే ఎనిమిది ఇళ్లు వానల తర్వాతకు పోతాయి బాబూ."

"ఎనిమిదా! టార్గెట్ మిస్ అయితే నెక్స్ట్ ఫేజ్ రాదు సార్. కానీ ఒక్క రోజు సరిపోతుందా? ఈ విషయంలో మీరెంత చెబితే అంత."

సరిపోతుంది అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఎవరూ నా చేత అనిపించలేదు.

ఆ ఒక్క రోజు నేర్పు కుట్టు క్లాసు నడిచే ఇంటి మిద్దె మీదే జరిగింది. ఇంటావిడ విజయలక్ష్మి గారు. వాళ్లది గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ముందుగదిలో మిషన్లు పెట్టి చుట్టుపక్కల ఆడవాళ్లకు కుట్టు నేర్పేవారు. ఏప్రిల్, మే నెలల్లో ఆ గదిలో కూర్చోలేక క్లాసు ఆపేయాల్సి వచ్చేదట. అందుకే మా పథకంలో చేరారు.

సాయమ్మ చీర కుచ్చిళ్లు పైకి దోపి, మడమతో తడుతూ మిద్దెంతా తిరిగింది. పదహారు మందీ ఆమె వెనక నడిచారు. "అవ్వ డ్యాన్స్ షురూ చేసింది రా" అన్నాడొకడు.

"నవ్వుండ్రి బిడ్డా. మిద్దె కూలి కూసున్నప్పుడు నేను నవ్వుత" అంది ఆమె.

తూర్పు మూలకు వచ్చి ఆగింది. రెండుసార్లు తట్టి నన్ను పిలిచింది. "సారూ, ఈడ సల్లగ పల్కుతున్నది. లోపల తడి ఉన్నది. దూలం కొన సుత మంచిగ లేదు. ముందుగాల ఇది ఆరాలె, దూలం మార్చాలె. అప్పటిదాక పూత ఎయ్యకుండ్రి."

నా చేతి పుస్తకంలో రాసుకున్నాను. సాయంత్రం ఆఫీసులో ఆ ఇంటి వర్క్ షీటు నింపేటప్పుడు దీన్ని ఎక్కించడానికి గడి కనిపించలేదు. అడుగున ‘ఇతరములు’ అన్న చోట ‘తూర్పు మూల కొంచెం చెమ్మ’ అని రాశాను. పూత వేసే జట్టు చూసేది చదరపు అడుగుల గడి ఒక్కటే. ‘ఇతరములు’ ఎవరూ చదవరని నాకు తెలుసు. ముప్పై ఏళ్లలో నేను కూడా ఎన్నడూ చదవలేదు.

జూన్ రెండో వారానికి నలభై రెండు ఇళ్లూ పూర్తయ్యాయి. గదుల్లో వేడి నిజంగానే తగ్గింది. విజయలక్ష్మి గారు అందరికీ పులిహోర పంపారు.

గచ్చు మిద్దెకు ఒక గుణం ఉంది. వానకు కాస్త తడి పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. మేం పైన పూతతో, కింద ఫాల్స్ సీలింగుతో, పక్కన వెంటిలేటర్లు మూసి, లోపలున్న తడికి మూడు దారులూ కట్టేశాం. పిట్టగోడ పగుళ్లలోంచి కొత్త నీళ్లు మాత్రం లోపలికి పోతూనే ఉన్నాయి.

ఆగస్టులో ఒక ఉదయం విజయలక్ష్మి గారు ఫోన్ చేశారు. "ఏవండీ, ఫ్యాను రెక్కల మీంచి బొట్లు పడుతున్నాయి. సీలింగు మీద పచ్చగా మరక కూడా వచ్చింది. కుట్టు నేర్చుకునేవాళ్లని ఇవాళ రావొద్దని చెప్పేశాను. మీరొకసారి వచ్చి చూస్తే బాగుంటుందండీ."

సాయమ్మను వెంటబెట్టుకుని వెళ్లాను. పదకొండు గంటలవుతోంది. వాన తెరిపిచ్చింది. మిద్దె తెల్లగా మెరుస్తోంది. ఆమె నాలుగు అడుగులు వేసి ఆగిపోయింది.

"సారూ, దీని మీద రబ్బర్ చెప్పు తొడిగినట్లున్నది. కాలుకు ఏం మాట అందుతలేదు."

"జెర ఆ మూల వరకు పోయి సూడు అక్కా. నువ్వు అప్పుడు చెప్పిన జాగనే కదా."

ఆమె నా వైపు చూసింది. "చెప్పిన జాగనే" అంది. అని, వెళ్లింది.

శబ్దం పెద్దగా రాలేదు. తడిసిన మూట జారినట్టు ఆ మూల ఆమెతో సహా కిందికి దిగిపోయింది. తెల్ల పూత ఒక్క క్షణం గుడ్డలా సాగి చిరిగింది. కింద మిషన్ల మీద పడ్డ మట్టిలో, విరిగిన దూలం కింద, ఆమె ఎడమ పాదం ఇరుక్కుంది. గదిలో ఎవరూ లేరు. విజయలక్ష్మి గారు క్లాసు ఆపకపోతే ఆ నాలుగు మిషన్ల ముందు నలుగురు ఉండేవారు.

మడమ ఎముక నాలుగు ముక్కలైంది. ఆస్పత్రిలో ప్రమాదం రిపోర్టు నింపుతూ కిరణ్, "ఈమె ట్రేడ్ ఏమని రాయాలి సార్?" అని అడిగాడు. మిద్దె మేస్త్రి అన్నాను. అతను ల్యాప్‌టాప్‌లో నా పట్టిక తెరిచి చూశాడు.

"మీ మ్యాట్రిక్స్‌లో హెల్పర్ అని ఉంది సార్. రెండూ మ్యాచ్ కాకపోతే రిపోర్టు తిప్పి పంపుతారు."

మంచం మీద ఉన్న సాయమ్మ విన్నది. ముఖం గోడవైపు తిప్పుకుంది. అప్పుడు ఆమె నన్ను ఒక్కమాట అని ఉంటే నాకు సులువుగా ఉండేది.

ఆ తర్వాత మిగతా ఏడు గచ్చు మిద్దెల మీద పూత గీకించారు. మూడింట గోడలు అప్పటికే తడిసి ఉన్నాయి. విజయలక్ష్మి గారి ముందుగదికి రేకులు వేశారు. వేసవిలో అది ఇదివరకటి కన్నా ఎక్కువ కాలుతుంది. క్లాసు మళ్లీ మొదలు కావడానికి ఐదు నెలలు పట్టింది. రెండో దశ రాలేదు. పదహారు మందీ చెదిరిపోయారు. ఒకడు తిరుమలగిరిలో పెయింటింగు చేస్తున్నాడు, ఒకడు ఆటో నడుపుతున్నాడు. మిగతావాళ్ల ఫోన్ నంబర్లు మారాయి.

పని లేని ఆ రోజుల్లో పాత లెక్క తీసి మళ్లీ వేశాను. పన్నెండు రోజులా, ఒక్క రోజా అని పదహారు మందికీ కలిపే అప్పుడు ఆలోచించాను. గచ్చు మిద్దెలు ఎనిమిదే. వాటికి ఒక్క జట్టు చాలు. నలుగురికే పన్నెండు రోజులు నేర్పి ఉంటే అదనంగా పట్టేది నలభై నాలుగు మ్యాన్-డేలు. వెనకబడేవి రెండు ఇళ్లు. ఎనిమిది కాదు, రెండు. కిరణ్‌కు ఆ అంకె చెప్పి ఉంటే ఒప్పుకునేవాడే. కూడికలు, తీసివేతలు తప్పని నేను ఆ ఒక్క భాగహారం వేయలేదు.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. ఎన్ని చేతులు కావాలో లెక్క కట్టేముందు, ఒక్క మనిషి దగ్గరే ఉన్న పని ఏదో వెతకండి. దాన్ని అందరికీ సమానంగా పంచితే ఎవరికీ రాదు. ఆ మనిషికి వయసెంత అన్నది కూడా పట్టికలో రాయండి. ఇప్పుడు నా పట్టికల్లో ఆ గడి ఉంది.

పోయిన నెల బన్సీలాల్‌పేట్ వెళ్లాను. సాయమ్మ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. కర్ర సాయంతో నడుస్తుంది, మడమ మాత్రం నేలకు ఆనదు. మళ్లీ ఒక పాత ఇల్లు దొరికిందని, నలుగురు పనివాళ్లను నేనే తెస్తానని, మిద్దె మీదికి కుర్చీలో ఎక్కిస్తామని చెప్పాను. కర్రతో తట్టి చూపిస్తే చాలన్నాను.

ఆమె చేతికర్రతో గడపను రెండుసార్లు తట్టింది. కాసేపు ఆగి మళ్లీ తట్టింది.

"కర్రకు పైపైన తెలుస్తది సారూ. లోపలి సంగతి మడమకే తెలుస్తుండె. అది మీ పద్మారావు నగర్ల పోయింది."

"మరి నేర్పేది ఎట్లా అక్కా?"

"నన్ను పరేషాన్ చెయ్యకుండ్రి. ఛాయ్ తాగి పోండ్రి."

తాగి వచ్చేశాను. ఆమె పన్నెండు రోజులు అడిగింది, ఒకటి ఇచ్చాను. నలుగురు మనుషులకు పదకొండు రోజులు. ఇప్పటికీ బాకీ నలభై నాలుగు.