మంచులో నిలబడ్డ పొట్టేలు

మా పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నమే చీకటి పడ్డట్టుంది. అరవై ఐదు యుద్ధానికి ముందటి చలికాలం. కాశ్మీరు కొండల్లో కాల్పుల విరమణ రేఖ పక్కన మూడు బంకర్లు, ఒక ఇనుప పొయ్యి. కింద లోయలో పఠాన్ల ఊరు. మట్టి కప్పుల ఇళ్ళు, చుట్టూ దేవదారు అడవి. కనుమ మంచుతో మూసుకుందంటే తహసీల్దారైనా డాక్టరైనా వేసవి దాకా రారు. తగవులన్నీ ఊరి పెద్దలు కూర్చునే జిర్గాలోనే తేలాలి.

వాళ్ళ మాట పష్తో. నాకు వచ్చింది మా చిట్యాల ఉర్దూ. ఊరి పెద్దలకు ఉర్దూ కొంత తెలుసు కనుక దాంతోనే నన్ను దుబాసీని చేశారు. ఊరి పెద్ద ఒక ముసలాయన. గొర్రెల మంద ఉంది. మాదీ గొర్రెల ఇల్లే కనుక దోస్తీ కుదిరింది. తప్పు చేసినవాడి తరఫున పొట్టేలును తోలుకొచ్చి అవతలివాడి గడప ముందు నిలబడతామని ఆయనే ఒకసారి చెప్పాడు. తీసుకుంటే మాఫీ. తిప్పి పంపితే పగ.

జనవరిలో మా టెలిఫోను తీగ తెగింది. ముసలాయన కొడుకు, కొత్తగా పెళ్ళైనవాడు, గడ్డిమోపు కట్టుకోవడానికి కోసుకుపోయాడు. సంగతి బయటపడగానే అడవిలోకి పారిపోయాడు. మర్నాడు తండ్రి పొట్టేలుతో వచ్చాడు. తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

మా సుబేదారుది గుంటూరు. నిజాయితీపరుడు, మహా మొండి.

"ఊరివాళ్ళ దగ్గర గుడ్డు కూడా ముట్టుకోవద్దని ఆర్డరు. లంచం తెస్తాడా? తోలుకుపొమ్మను."

"లంచం గాదు సాబ్, మాఫీ అడుగుతాండు. గీ పొట్టేలు తీస్కోకుంటే ఆయన కొడుకు ఇంటికి రాలేడు."

"నీ గొర్రెల పురాణం నాకొద్దయ్యా. చెప్పమన్నది చెప్పు."

చెప్పాను.

"అయితే నా కొడుక్కి ఈ పక్క జాగా లేదు" అన్నాడు ముసలాయన. రేపటికైనా సాబ్ మనసు మారుతుందేమోనని పొట్టేలును మా కంచె గుంజకు కట్టేసి దిగిపోయాడు.

తెల్లవారుజామున రేఖ వైపు పేలుడు వినిపించింది. వైర్‌లెస్ ఆపరేటరు తలెత్తి, "మన మైనే" అన్నాడు. మంచు కింద మేం పాతిన మందుపాతరల్లో ఒకటి. పొట్టేలును తీసుకోలేదని తెలిసి ముసలాయన కొడుకు రేఖ అవతలికి దాటబోయాడు.

సుబేదారే ముందు నడిచి శవాన్ని తెచ్చాడు. తిరిగొచ్చేసరికి పొట్టేలు గుంజ దగ్గరే నిలబడి ఉంది, వీపంతా మంచు. విప్పడానికి ఎవరికీ చేతులు రాలేదు.

ఎండాకాలంలో చిట్యాలలో బస్సు దిగి ఇంటికి నడిచాను. నేను ప్రాణాలతో వస్తే మల్లన్నకు ఇస్తానని మొక్కుకున్న పొట్టేలును బాపు వాకిట్లో కట్టేసి ఉంచాడు.

"జర కాళ్ళు గట్టిగ పట్టు కొడుకా" అన్నాడు కత్తి నూరుతూ.

"ఇడిసిపెట్టు బాపు."

"ఏమైందిరా? నీ కోసం మొక్కిన మొక్కే గదా!"

ఆ మండుటెండలో దాని వీపు మీద మంచు కనబడింది నాకు. ఇప్పటికీ కనబడుతుంది.