మాస్టారి చెవులు బాగానే ఉన్నాయి

హార్మోనియం మాస్టారు పోయారని ఫోన్ చేసి చెప్పింది ఆయన కూతురు. అప్పటికి నా కంప్యూటర్ రిపేరు షాపు షట్టరు సగం ఎత్తాను. "తమ్ముడూ, నాన్న తెల్లారగట్ల పోనారు. మూడింటికి భూస్థాపన. పాటలన్నీ ఆ కంప్యూటర్లోనే ఉన్నాయి, అది మోగట్లేదు. నువ్వొచ్చి మోగించాల" అంది. ఆమె ఆస్పత్రిలో నర్సు. ఏడుస్తూ మాట్లాడే అలవాటు లేదు. వస్తానన్నాను. ఎత్తిన సగం షట్టరూ దించేశాను.

ఆయన గురించి రాయడానికి నాకంటే తగినవాళ్ళు చర్చి నిండా ఉన్నారు. కానీ వాళ్ళకి తెలియని సంగతి ఒకటి నా దగ్గర ఉంది. అది చెప్పకుండా ఆయన గొప్పవారని రాస్తే నా మొహాన నేనే ఉమ్మేసుకున్నట్టు.

శృంగవరపుకోటలో మిషన్ చర్చి వెనక వీధిలో ఆయన ఇల్లు. ఆదివారం హార్మోనియం, మిగతా రోజులు రేడియోల రిపేరు. నేను ఇంటర్ తప్పి, కొన్నాళ్ళు సిమెంటు బస్తాలు మోసి, పాడైపోయిన కంప్యూటర్లు విప్పి విప్పి పని నేర్చుకున్నవాణ్ణి. "కోర్సు ఎక్కడ చేశావు?" అని ఎవడైనా అడిగితే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఆయన కూడా అడిగారు, ఇంకో రకంగా.

"ఒరే, నీకీ పని నేర్పినోడెవడు?"

"ఎవడూ లేడు మేష్టారూ."

"మంచిదే. నీ తప్పులన్నీ నీయే. ఎవుడికీ వాటా ఇవ్వక్కర్లేదు."

ఆ రోజే తన సోల్డరింగ్ ఐరన్ నా చేతిలో పెట్టి, కాలిపోయిన బోర్డు మీద సీసం బొట్టు ఎలా నిలబెట్టాలో చూపించారు. నేను కాల్చేసిన బోర్డులకి లెక్కలేదు. ఒక్కసారీ విసుక్కోలేదు.

ఆయనకి ఒక అలవాటు ఉండేది. ఏ వస్తువు తెచ్చినా ముందు స్క్రూడ్రైవర్ పట్టుకునేవారు కాదు. వేలి కణుపుతో పెట్టె మీద రెండుసార్లు తట్టి, కళ్ళు మూసుకుని వినేవారు. నా షాపుకొచ్చి బెంచీ మీద కూర్చుంటే చాలు, నాకు గుబులు. "ఆ మూల మిషనులో ఫ్యాను ఏడుస్తన్నాది, సూసుకో" అనేవారు. నాకేమీ వినపడేది కాదు. వారం తిరక్కుండా ఆ ఫ్యాను ఆగిపోయేది. కరెంటు కొలిచే మీటరు చూపిస్తే నవ్వేవారు. "దానికి అంకెలే తెలుసురా. నొప్పి తెలీదు."

ఆయన ఇంట్లో ఒక పాత డెస్క్‌టాప్ ఉండేది. నేనే కూర్చి ఇచ్చాను. చర్చి క్వయిర్‌లో పాడే ఆడవాళ్ళలో సగం మంది కూలి పనులకు వెళ్ళేవాళ్ళు. కాగితం మీద స్వరాలు చదవడం వాళ్ళకి రాదు. అందుకని ఒక్కో పాటని నాలుగు గొంతులుగా విడదీసి, ఏ గొంతుకి ఆ గొంతు హార్మోనియం మీద వాయిస్తూ తానే పాడి, ఆ కంప్యూటర్లో రికార్డు చేసేవారు. శనివారం సాయంత్రం వాళ్ళు చాప మీద కూర్చుని, విని, పాడి నేర్చుకునేవారు.

పోయిన దసరా ముందు ఆ కంప్యూటర్‌లో సౌండు తేడా చేసింది. మాస్టారు ఆటోలో సీపీయూని ఒళ్ళో పెట్టుకుని నా షాపుకి తెచ్చారు. అప్పుడు నా ఎదురుగా ఒక కాలేజీ ల్యాబ్ ఇన్‌చార్జి కూర్చుని ఉన్నాడు. అంతకు రెండు నిమిషాల ముందే నా చదువెంతో అడిగి, "తెలియకపోతే తెలియదని చెప్పు, పాడుచేయకు" అన్నాడు. నాకు రక్తం మరుగుతోంది.

సీపీయూకి నా స్పీకర్లు తగిలించి ఒక సినిమా పాట పెట్టాను. వాయిద్యాలు బాగానే వచ్చాయి.

"పాట ఉన్నాది గాని, పాడినోడు లేడ్రా" అన్నారు మాస్టారు.

ఆయన రికార్డింగ్ పెట్టాను. సౌండు ఆఖరిదాకా పెంచితే లోపలెక్కడో గొణిగినట్టు వచ్చింది. మ్యూట్ చూశాను, సౌండు నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసి మళ్ళీ వేశాను. మార్పు లేదు. నిజం చెప్తున్నాను, సినిమా పాటలో గొంతు నూతిలోంచి వచ్చినట్టు నాకూ వినపడింది. ఎందుకో తెలియలేదు. తెలియదనడానికి ఇన్‌చార్జి ముందు నోరు రాలేదు.

"సౌండు వస్తోంది కదా. పోయింది సౌండు కాదు మేష్టారూ, మీ చెవులు."

ఇన్‌చార్జి పకపకా నవ్వాడు. ఆ నవ్వు నా పక్షాన వచ్చినందుకు, సిగ్గులేదు, నాకు సంతోషం కూడా వేసింది. మాస్టారు మాత్రం నా మొహంకేసి చూశారు. కోపంగా కాదు. రిపోర్టు చదువుతున్న డాక్టర్ని చూసినట్టు చూశారు.

"అలగేటి… అయ్యుంటాది లేరా. వయసైపోనాది" అని, సీపీయూ ఎత్తుకుని వెళ్ళిపోయారు.

ఆ తర్వాత ఆయన నా బెంచీ మీద కూర్చోలేదు. నేనూ వెళ్ళలేదు. ఒకసారి సంతలో ఎదురుపడబోతే బండి పక్క సందులోకి తిప్పేశాను.

భూస్థాపన రోజు వాళ్ళింటికి వెళ్ళాను. మాస్టారి శవపెట్టె ముందు గదిలో ఉంది. క్వయిర్ ఆడవాళ్ళు అరుగు మీద కూర్చున్నారు. ఆయన తన భూస్థాపనకి ఏ పాట పాడాలో ఎప్పుడో చెప్పి ఉంచారట. అందులో రెండో గొంతు, వాళ్ళు ఆల్టో అంటారు, ఎవరికీ సరిగ్గా రాదు. రికార్డు చేసి పెట్టారు గానీ నేర్పలేదు.

"నేర్పమంటే వొద్దనీసినారు బావూ" అందొక పెద్దావిడ. "సెవులు పోనాయమ్మా, శృతి తెలీట్లేదు, తప్పు నేర్పీస్తాను అనీవోరు. దసరా నుంచి హార్మోనియం పెట్టె ముట్టలేదు. ఎనక బెంచీలో కూకునీవోరు."

లోపలి గదిలోకి వెళ్ళి కంప్యూటర్ ఆన్ చేశాను. రికార్డింగ్ పెట్టాను. అదే గొణుగుడు. షాపులో ఆ రోజు తట్టని పని చేశాను: బల్ల కిందికి దూరి, సీపీయూ వెనక పచ్చ కన్నంలో ఉన్న స్పీకరు పిన్నుని వేలితో పక్కకి నొక్కాను.

"ఆల్టో వోలు, ఇటు సూడండి. మళ్ళీ!"

మాస్టారి గొంతు. ఇల్లంతా వినపడింది. అరుగు మీద ఎవరో "ఓలమ్మో!" అని కెవ్వుమన్నారు. నా వేలు జారింది. గొంతు పోయింది. మళ్ళీ నొక్కితే మళ్ళీ వచ్చింది.

మీకు అర్థమయ్యేలా చెప్తాను. కుడి స్పీకరుకొక తీగ, ఎడమ దానికొక తీగ, రెండింటికీ ఉమ్మడిగా ఒక ఎర్తు. ఆ కన్నం లోపల ఎర్తు అతుకు ఊడిపోయింది. అలా ఊడితే, రెండువైపులా సమానంగా ఉన్న శబ్దం ఒకదాన్నొకటి మింగేసుకుంటుంది. సినిమా పాటలో గొంతు రెండువైపులా సమానంగా ఉంటుంది, అందుకే పాడినోడు పోయాడు. ఒక్క మైకుతో చేసిన మాస్టారి రికార్డింగులో అంతా సమానమే, అందుకే మొత్తం పోయింది. ఆయన విన్నది విన్నట్టు చెప్పారు. ఒక్క సీసం బొట్టు పని. ఆ సీసం పెట్టడం నాకు నేర్పింది ఆయనే.

కూతురు పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడింది.

"అక్కా, నాన్నగారి చెవులకి ఏమీ కాలేదు. అతుకు ఊడింది. నాకు తెలియక చెవులు పోయాయన్నాను."

"ఏటి?"

మళ్ళీ చెప్పాను. మొదటిసారికంటే కష్టమైంది.

ఆమె గుమ్మం దాటి నా దగ్గరికొచ్చింది. "మా ఆస్పత్రిలో సూపిత్తాను రమ్మన్నాను. రానన్నారు. 'ఆడు సెప్పినాడంటే నిజమేనే, ఆడికి తెలీదేటి' అన్నారు."

తిట్టి ఉంటే బాగుండేది. ఒక దెబ్బ వేసినా పడేవాణ్ణి.

"బోర్డు విప్పి సీసం పెట్టేస్తాను, పావుగంట" అన్నాను.

"ఇప్పుడాపకు. ఆలని నేర్సుకోనీ. నువ్వది ఒగ్గకు, అంతే" అని, ఆడవాళ్ళని లోపలికి పిలిచింది.

వాళ్ళొచ్చి చాప వేసుకుని కూర్చున్నారు. నేను గోడవైపు మొహం పెట్టి, బల్ల కింద మోకాళ్ళ మీద, పిన్ను పక్కకి నొక్కి పట్టుకుని ఉన్నాను. వేలు తిమ్మిరెక్కింది. చెయ్యి మార్చుకుంటే గొంతు తెగుతుంది, మార్చుకోలేదు. నా వెనక మాస్టారు ఒక వరుస పాడుతున్నారు, వాళ్ళు తప్పు పాడుతున్నారు. ఆ తప్పు ముందే తెలిసినట్టు ఆయన "మళ్ళీ" అంటున్నారు. వాళ్ళు మళ్ళీ పాడుతున్నారు.