విజిలక్క ఇచ్చిన నీడ

“పాప నిద్రపోతే చిన్న చప్పుడు కూడా చేయదక్కా. నేనేదో ఆలోచనలో పడి, వెనక సీట్లో అది ఉందన్న సంగతే మరిచిపోయి, తలుపేసి వెళ్ళిపోతే?”

ఆసుపత్రి పార్కింగు గేటు దగ్గర ఆ మాట అన్న అమ్మాయి కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతుంది. మూసిన కారులోకి ఎండ ఎలా చొరబడుతుందో, ఆ వేడి బయటికి ఎందుకు పోదో బొమ్మ గీసి చూపించగలదు. ఆ చదువు ఆమె భయాన్ని తగ్గించకపోగా ఇంకా పెంచింది. ఇంట్లో చెబితే, “కన్నబిడ్డని ఎవరైనా మరిచిపోతారా?” అని భర్త నవ్వేశాడు.

విజిలక్క మాత్రం నవ్వలేదు.

ఆ గేటు కాపలా ఆవిడదే. మెడలో వేలాడే విజిల్‌ని బట్టే ఆ పేరు. నోట్లో విజిల్, గాల్లో రెండు చేతులు, అంతే, ఎంత పెద్ద బండైనా ఇరుకులో ఒదిగిపోవాల్సిందే. కానీ బండిని ముట్టుకోదు. ఆ పనిలో మొదట నేర్పేది అదే. ఎక్కడ గీత కనిపించినా నింద కాపలావాళ్ళ నెత్తినే పడుతుంది, కొలువు ఊడుతుంది. భర్త పోయాక ఆ కొలువు మీదే ఆవిడ ఇల్లు నడుస్తోంది.

ఎవరికైనా ఇవ్వడానికి ఆవిడ చేతిలో ఉన్నదల్లా కాస్త నీడ. పొద్దున పూట తూర్పు గోడ పక్క వరుస చల్లగా ఉంటుంది. ముఖం వాడిపోయినవాళ్ళు కనిపిస్తే ఆ చోటు వాళ్ళకే.

పోయిన ఎండాకాలం ఒక పెద్దాయన వచ్చాడు. వెనక సీట్లో గోధుమరంగు కుక్క.

“మా ఆవిడ పై వార్డులో ఉందమ్మా. దీన్ని చూడాలని ఒకటే గోల. కింద నిలబడి, వార్డు కిటికీలోంచి కనబడేలా చూపించేసి, డాక్టరుతో ఓ మాట మాట్లాడి వచ్చేస్తా.”

“పాపం, చూపించండి బాబాయ్. తర్వాత బండి నీడలో పెట్టించి, దాన్ని అందులోనే ఉంచి వెళ్ళండి. ఏం ఫర్వాలేదు.”

ఆ “ఏం ఫర్వాలేదు” అన్నది తన నోరే.

ఇంతలో అంబులెన్సులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. దారి చేయించడంలో ఆవిడ ఆ కొసకు వెళ్ళిపోయింది. తిరిగి వచ్చేసరికి గోడ నీడ గోడ కిందికే ముడుచుకుపోయింది. కారు నిట్టనిలువు ఎండలో ఉంది. లోపల కుక్క మొరగడం లేదు. నాలుక వేలాడేసి అద్దానికి ఆనుకుని ఉంది.

ఇలాంటి వేళ ఏం చేయాలో చట్టం ఒక వరస చెబుతుంది. గేటు పక్క బోర్డు మీద అది రాసే ఉంది. తలుపులు లాగి చూడాలి, యజమానిని పిలవాలి, పోలీసులకు చెప్పాలి. అప్పటికీ దారి లేకపోతేనే అద్దం పగలగొట్టాలి, ఆ పైన పోలీసులు వచ్చేదాకా అక్కడే నిలబడాలి. ఆవిడ మొదటిసారి ఒక బండి మీద చెయ్యి వేసింది. పిడి చురుక్కుమంది. తలుపు తెరుచుకోలేదు. మైకులో నంబరు చెప్పించింది, పెద్దాయన రాలేదు. ఫోన్ చేస్తే పోలీసులు వస్తున్నామన్నారు.

సూపర్‌వైజరు పరుగున వచ్చాడు. “చెయ్యి తియ్యక్కా. వాళ్ళొచ్చి చూసుకుంటారు. కుక్క కోసం కొలువు పోగొట్టుకుంటావా?”

“వాళ్ళొచ్చేదాకా ఇది ఉండాలిగా బాబూ.”

కుక్క పక్కకు ఒరిగిపోయింది. విజిలక్క చక్రాలకు అడ్డం పెట్టే రాయి తీసి, కుక్కకు దూరంగా ఉన్న ముందు తలుపు అద్దం మీద కొట్టింది.

కుక్కని బయటికి తీసి, వరండాలో పడుకోబెట్టి ఒళ్ళంతా నీళ్ళతో తడుపుతుండగా పోలీసు వచ్చాడు, ఆ వెనకే పెద్దాయన. పోలీసు అడిగినవాటికి ఆయన తలొంచుకుని జవాబు చెబుతున్నాడు. విజిలక్క నోరు మూసుకుని ఉంటే ఆవిడన్న మాట సంగతి పోలీసుకు తెలిసేది కాదు.

“నీడలో ఉంచి వెళ్ళమన్నది నేనే సారూ. ఆ నీడ ఎంతసేపుంటుందో రోజూ చూసేదాన్ని. రాసుకుంటే నా పేరు కూడా రాసుకోండి.”

“నువ్వు నీడిచ్చావమ్మా,” అన్నాడు పెద్దాయన. “తాళం వేసింది నేను.”

కేసు ఆయన మీదే అయింది. అద్దం సంగతిలో విజిలక్క చట్టం చెప్పిన వరస తప్పలేదని పోలీసు తేల్చి చెప్పడంతో సూపర్‌వైజరు ఆవిణ్ణి తీసేయలేకపోయాడు. కుక్క బతికింది. పెద్దాయన భార్య మాత్రం ఇంటికి తిరిగి రాలేదు. ఇప్పుడు ఆ ఇంట్లో ఆయనా, అదీ.

అప్పట్నుంచి గేటులోకి వచ్చే ప్రతి బండినీ ఆపి విజిలక్క ఒకే మాట అడుగుతుంది: “లోపల ఏదైనా ప్రాణం ఉండిపోతోందా?”

“మా ఆవిడ ఉంటోందక్కా,” అంటారు కొందరు. “అద్దం నువ్వు పగలగొట్టక్కర్లేదు, తనే చూసుకుంటుంది.”

ఆవిడా నవ్వుతుంది. నవ్వుతూనే వంగి వెనక సీటు చూస్తుంది.

“మరి నేనేం చెయ్యనక్కా?” అంది ఇదంతా విన్న ఆ అమ్మాయి, భుజం మీద పాపని సర్దుకుంటూ.

“రోజూ నీడలో బతికేదాన్ని, నీడ సంగతే మరిచిపోయాను. నువ్వు మాత్రం మరిచిపోవని ఏముంది? నీ మతిని నమ్ముకోకు తల్లీ. పాపని వెనక కూర్చోబెట్టగానే ఎడమకాలి చెప్పు విప్పి దాని పక్కన పడెయ్యి. ఎంత పరధ్యానంలో దిగినా, కాలు చుర్రుమంటే వెనక్కి తిరుగుతావు.”

ఇప్పుడు ఆ అమ్మాయి ఒంటి చెప్పుతోనే బండి నడుపుతోంది. పాప ఇంట్లో ఉన్న రోజు కూడా ఎడమ చెప్పు వెనక సీట్లోనే ఉంటుంది.