బాబాయి లాప్‌టాప్‌కి వేసిన తాళం

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఉక్కు కార్ఖానా ఉన్న ఊళ్లో, మాంగో అనే పేటలో ఇరవై ఏళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. "దానంతటదే అయిపోయింది" అంటూ ఎవరు మిషన్ తెచ్చినా, విప్పితే వదులైన వైరో, ఒలికిన టీ మరకో కనిపించేది.

మొన్న ఎండాకాలంలో అదే ఊళ్లోని బారిడీహ్ నుంచి నర్సమ్మ పిన్ని లాప్‌టాప్ ఒకటి తెచ్చింది. మా ఊరి వైపు వాళ్లే. బాబాయి స్టీలు కార్ఖానాలో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. పోయి అప్పటికి మూడు నెలలు. చివరి రోజుల్లో దాని ముందు కూర్చుని డ్యూటీ కబుర్లన్నీ రికార్డు చేసుకునేవాడట.

"ఫోన్లో ఒక్క ముక్క నేదు బాబూ. ఆయన గొంతు దాన్లోనే ఉండిపోనాది," అంది.

ఆన్ అవుతోంది గానీ విండోస్ రావడం లేదు. డిస్కు పోతోందనిపించింది. ఊడదీద్దామంటే అది బోర్డుకే అతికించి ఉంది. పెన్ డ్రైవ్‌తో మొదలుపెట్టి టెస్టు చేయాలి, ఫైళ్లు తీయాలి. బయటి డ్రైవ్‌తో మొదలవకుండా కాపలా కాసే సెక్యూర్ బూట్ ఒప్పుకోలేదు. అది ఆపాలంటే బయోస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందుండే సెట్టింగ్స్‌లోకి వెళ్లాలి. దానికి బాబాయి పాస్‌వర్డ్ పెట్టుకున్నాడు.

పెళ్లిరోజు, మనవరాలి పేరు, క్రేన్ నంబరు, అన్నీ కొట్టాం. మూడుసార్లు తప్పితే ఆగిపోతుంది. ఆపి, మళ్లీ మొదలు. రెండు రోజులు అదే పని. కళ్లు మండిపోయాయి.

మూడోరోజు పదకొండింటికి పిన్ని వచ్చింది. "ఇంక నావల్ల కాదు పిన్నీ, అట్టుకెళ్లిపో," అన్నాను. వెళ్లకుండా గుమ్మం పక్క స్టూలు మీద కూర్చుంది.

ఆ మొహం చూడలేక ఇంకోసారి ఆన్ చేసి బయోస్ తెరవబోయాను. పాస్‌వర్డ్ అడిగింది. విసుగొచ్చి, ఛార్జర్ పీకేద్దామని గోడవైపు తిరిగాను.

ఇటు తిరిగేసరికి సెట్టింగ్స్ పేజీ తెరిచి ఉంది. సెక్యూర్ బూట్ ఎదురుగా 'డిసేబుల్డ్' అని ఉంది.

ఆ తర్వాత షాపు కెమెరాలో ఎన్నిసార్లు చూశానో. నా వీపు కనిపిస్తుంది. గుమ్మం దగ్గర పిన్ని, ఒళ్లో చేతులు. కీబోర్డు దగ్గర ఎవరూ లేరు.

సేవ్ చేసి టెస్టు నడిపాను. డిస్కు దాదాపు పోయింది. తొమ్మిది ఫైళ్లు దక్కాయి. మొదటిది తెరిస్తే దగ్గు, తర్వాత బాబాయి గొంతు: "ఏటే, ఇది రికార్డు అవుతందా నేదా?"

పిన్ని నవ్వేసింది. ఆ తర్వాత కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

మిషన్ మళ్లీ ఆన్ చేసి బయోస్‌లోకి వెళ్తే పాస్‌వర్డ్ అడిగింది. ఏది కొట్టినా తీసుకోలేదు.

"సెక్యూర్ బూట్ మళ్లీ పెడదామంటే కుదరట్లేదు పిన్నీ."

"ఎందుకు బాబూ? ఆయనే తీసినాడు. అలగే ఉండనీ."

లాప్‌టాప్ మూసి ఆమె చేతికిచ్చాను. ఆ పాస్‌వర్డ్ ఏమిటో నాకు ఇప్పటికీ తెలీదు. ఆ రోజు దాన్ని ఎవరు కొట్టారో అంతకన్నా తెలీదు.