ఐసులో పెట్టిన ట్యూబు

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా పెద్దాడపడుచు. పూర్ణా మార్కెట్లో చేపలమ్మే మనిషి. వార్డులో మా పాప పక్కన కునికిపాట్లు పడుతున్న నా దగ్గరికి డాక్టరుగారి గదిలోంచి వచ్చి, మంచం కోడు పట్టుకుని కూలబడింది.

"రగతం కేన్సరంట పిల్లా. ఏ రకవో మామూలు పరీచ్చలో తేలట్నేదంట. బొమికలోంచి మూలుగ తీసి ఇంకేదో మిషన్లో ఎట్టాలంట."

రకం తేలందే ఏ మందు ఇవ్వాలో చెప్పలేమన్నారు. పాపకి అయిదేళ్ళు. తుంటి ఎముకలోంచి మూలుగ తీశాక, మత్తు వదిలి ఏడ్చిన ఏడుపు నేను మరిచిపోలేను. నర్సమ్మ ట్యూబుని కవర్లో పెట్టి, ఊరికి అవతలున్న ల్యాబుకి వెంటనే చేర్చమంది. పాప నా మెడ వదలడం లేదు. కవరు వదిన చేతికిచ్చి, "పాడవకుండా తీసుకెళ్ళు వదినా" అన్నాను. అంతే అన్నాను.

పాడవకుండా ఉంచడమంటే ఆమెకి ఒకటే తెలుసు. ముప్పయ్యేళ్ళుగా చేస్తున్నదీ అదే. దారిలో మార్కెట్ దగ్గర ఆగి, తన చేపల పెట్టెలో ఐసు నింపి, ఇంకా చల్లబడాలని రాళ్ళుప్పు చల్లి, మధ్యలో ట్యూబు కప్పి తీసుకెళ్ళింది.

ల్యాబు అమ్మాయి ఫోన్ చేసింది. "ఐసులో ఎందుకు పెట్టారమ్మా? మాకు కణాలు బతికుండాలి. వాటికి రంగులు అంటించి, ఒక్కొక్కదాన్నీ లేజరు వెలుగు ముందునుంచి పంపిస్తాం. ఏ రంగులు మెరిశాయో చూసి రకం చెప్తాం. ఇవి గడ్డకట్టి చచ్చిపోయాయి. మళ్ళీ తీయించాలి."

చల్లబరచవద్దని కవరు మీద ఇంగ్లీషులో రాసే ఉందట. నేను బడి మొహం చూడకపోయినా, మా నాన్న ఇంట్లో కూర్చోబెట్టి రెండు భాషల్లోనూ చదవడం నేర్పాడు. వదినకి ఆ భాగ్యం లేదు. చదవగలిగినదాన్ని నేను. చదవలేదు.

"నా సేతులిరిగిపోను! పాపకి మల్లీ సూది తెచ్చింది నానేనే," అని వదిన నెత్తి కొట్టుకుంది. ఓదార్చే ఓపిక కూడా నాకు లేకపోయింది. పాపే అంది:

"అత్తా, ఈపాలి ఐసులో ఎట్టకే. నానేటి సేపనా?"

రెండోసారీ ట్యూబు వదిన చేతికే ఇచ్చాను. వద్దంది. కవరు మీది ప్రతి మాటా రెండుసార్లు చదివి వినిపించాను. ఎండ తగలకుండా కొంగు కప్పి, ఆటోలో వెనక్కి ఆనుకోకుండా కూర్చుని వెళ్ళిందట.

రకం తేలింది. ఒకే కణం మీద రెండు రకాల గుర్తులు కనిపించే అరుదైన జబ్బు. దానికి తగ్గ మందు మొదలుపెట్టారు. సింహాద్రి అప్పన్నకి, ఆ ల్యాబు అమ్మాయికి, ఆ మిషనుకి కూడా దండం పెట్టుకున్నాను. ఇంకా చాలా నెలలు తిరగాలి. నాకు ఒళ్ళు అలిసిపోయింది, మనసూ అలిసిపోయింది. అయినా పాప ఉంది.

వదిన రోజూ స్నానం చేసి వస్తుంది. గుమ్మం దగ్గరే నిలబడి చూసి వెళ్ళిపోతుంది. పాపని ముట్టుకోదు. తప్పు నాదని ఎన్నిసార్లు చెప్పినా వినదు.

పాప కోసం మొక్కుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, దేవుడి దయ. మీరు దీపం వెలిగించినప్పుడు మా వదినని ఒక్కసారి తలుచుకోండి.